తొమ్మిదో నంబరు ముందుకాలు

దయామణి బుద్ధెరిగాక చేసిన దొంగతనం ఒక్కటే. చచ్చిన పొట్టేలు ముందుకాలు. అది దొంగతనమని కూడా ఆమెకు తోచలేదు. యాభై కిలోల పొట్టేలును గోతిలో పడేసి సున్నం పోసి పూడ్చేసేవాళ్లను ఎవరూ ఏమీ అనరు, అందులోంచి ఒక్క కాలు తెచ్చి మంచాన పడ్డ తల్లికి రసం కాచిపెట్టిన మనిషినే అనాలంటే అదేం న్యాయం? గురువారం పొద్దున పదిన్నర దాకా ఆమె ధీమా ఇదే.

నరసరావుపేట నుంచి వినుకొండ పోయే రోడ్డులో, మిరపకాయల కోల్డ్ స్టోరేజీలు దాటాక, ఎడమచేతి వైపు ఒక పరిశోధన కేంద్రం ఉంది. గేటు మీద ఇంగ్లీషులో చాంతాడంత పేరు రాశారు గాని చుట్టుపక్కల వాళ్లకు అది పొట్టేళ్ల షెడ్డు. విరిగిన ఎముకలోకి సూదితో ఎక్కించే మందును అక్కడ హిమజ తయారుచేస్తోంది. ముప్పై రెండేళ్ల అమ్మాయి, మాట మెత్తన. పేట బజారులో వాళ్ల నాన్నకు ఇనుప సామాన్ల కొట్టు ఉంది. ఇంత చదివి గొర్రెల మధ్య కూర్చోవడం ఏమిటని ఆయన ఇప్పటికీ గొణుగుతూనే ఉంటాడు. ఆ షెడ్డులో మేత వేసి, నీళ్లు పెట్టి, నేల కడిగే పని దయామణిది. చేరి ఎనిమిది నెలలైంది.

ఆ మందు ఫ్రిజ్‌లో ఉన్నంతసేపూ పలచటి జావలా ఉంటుంది. సూదితో ఎముక లోపలికి ఎక్కిస్తే ఒంటి వేడికి పది నిమిషాల్లో గట్టిపడుతుంది. ఆ తర్వాత వారాల తరబడి మెల్లగా కరుగుతూ పోతుంది, కరిగిన చోటల్లా కొత్త ఎముక పెరుగుతుంది. హిమజ ఒకరోజు ఎక్స్‌రేలు రెండు పక్కపక్కన పెట్టి దయామణికి ఇదంతా చూపించింది. మొదటి దానిలో ఎముక మీద నల్లటి గంటు, రెండో దానిలో గంటు లేదు.

"ఇది అచ్చంగా దాని ఎముకేనా మేడం?"

"అచ్చంగా దాని ఎముకే."

దయామణికి ఎక్స్‌రే అక్కర్లేదు. తొమ్మిదో నంబరు పొట్టేలును కళ్లారా చూసింది. ఆపరేషన్ అయిన మొదటి వారం అది లేవలేదు, మూతి దగ్గర మేత పెడితేనే తింది. ఐదో వారానికి తొట్టి మీదుగా దూకి పక్క పొట్టేలును కుమ్మింది. ఆ రోజే ఆమె నోరు తెరిచి అడిగింది, మా అమ్మక్కూడా ఎక్కించొచ్చా మేడం అని.

ఆమె తల్లి సువార్తమ్మకు డెబ్బై రెండు. పుట్టి పెరిగింది బొల్లాపల్లి వైపు. అక్కడి ఫ్లోరైడు నీళ్లు చిన్నప్పటి నుంచీ తాగి తాగి ఎముకలు చూడటానికి లావుగా, లోపల పెళుసుగా తయారయ్యాయి. పోయిన శ్రావణంలో స్నానాల గదిలో జారి తుంటి విరిగింది. పేటలో పెద్ద డాక్టరు ఫోటో చూసి, ఈ ఎముకలో స్క్రూ నిలవదమ్మా, నొప్పి బిళ్లలు రాస్తాను అన్నాడు. అప్పటి నుంచీ మంచం, బిళ్లలు, మూలుగు. మంచం కోడుకు ఎవరి కాలైనా తగిలితే చాలు, ముసలామె కెవ్వుమనేది.

హిమజకు అబద్ధం చెప్పడం చేతకాదు. చేతనైనా బాగుండేది. "ముందు పొట్టేళ్లవి పూర్తి కావాలి దయామణీ. తర్వాత రిపోర్టులు, పర్మిషన్లు. ఆ తర్వాత కొద్దిమంది మనుషుల మీద చూస్తారు. పదేళ్లు పట్టుద్ది," అంది.

దయామణి తలాడించి చీపురు అందుకుంది. డెబ్బై రెండుకు పది కలపడం ఆమెకూ వచ్చు.

బుధవారం సాయంత్రం చివరి నాలుగు పొట్టేళ్లను చంపారు, తొమ్మిదో నంబరు వాటిలో ఒకటి. ఆ వేళకు హిమజ ఎప్పుడూ దయామణిని బయటికి పంపేస్తుంది, మేత పెట్టిన మనిషి అది చూడకూడదని. కాబట్టి వాటిని ఎలా చంపుతారో దయామణి ఏనాడూ చూడలేదు. లోపలికి వచ్చేసరికి హిమజ పరీక్షకు కావలసిన వెనక కాళ్లు కోసుకుని పెట్టెలో సర్దుకునేది. మిగిలినవి నీలం పీపాల్లో వేసి చల్లగదిలో పెట్టి, మర్నాడు గోతిలో పూడ్చేవాళ్లు. గోడ మీద దీని గురించి పసుపు కాగితం అంటించి ఉంది, ఇంగ్లీషులో. తినకూడదని దయామణికి తెలుసు. చెప్పులతో లోపలికి రాకూడదు, షెడ్డులో ఫోను మాట్లాడకూడదు, అలాంటిదే ఇదీ అనుకుంది. ఆఫీసు వాళ్ల రూల్సుకు అర్థం వెతుక్కుంటూ కూర్చుంటే పనయ్యేదెప్పుడు?

నేల కడిగాక తొమ్మిదో నంబరు పీపా మూత తీసింది. మందు ఎక్కించింది వెనక కాలికే అయినా, నెత్తురు ఒళ్లంతా తిరుగుతుంది కదా. కాళ్ల రసం తాగితే ఎముక అతుకుతుందని ఊళ్లో పసిపిల్లను అడిగినా చెబుతుంది. మామూలు పొట్టేలుదే అంత పనిచేస్తే, ఎముక పెరిగే మందు ఎక్కిన పొట్టేలుది ఎంత పనిచేయాలి? జబ్బ దాకా కోసి, యూరియా సంచిలో చుట్టి, టిఫిన్ బ్యాగులో అడుగున పెట్టుకుంది. గేటు దగ్గర వాచ్‌మన్ షాకిర్ తలెత్తి చూడను కూడా లేదు.

గురువారం తెల్లవారి ఐదింటికే పొయ్యి వెలిగించింది. మిరియాలు, ధనియాలు, వెల్లుల్లి దంచి వేసి, సన్నటి సెగ మీద గంటన్నర మరిగించింది. వాసనకు మంచం మీంచి సువార్తమ్మ, "ఏందే దయా, ఇయ్యాల పండగా?" అంది. ఆ గొంతులో ఆశ విని దయామణికి కడుపు నిండిపోయింది. పక్కింటి హనుమాయమ్మకు అప్పగింతలు పెట్టింది. "పదకొండున్నరకు అన్నంలో రసం పోసి మెత్తగా కలిపి పెట్టు పిన్నీ. ముక్కలు నలిపి పెట్టు, అమ్మకు పళ్లు లేవు. గిన్నెలో ఏం మిగల్చనియ్యమాక." రోజూ మధ్యాహ్నం సువార్తమ్మకు అన్నం పెట్టేది హనుమాయమ్మే.

పదిన్నరకు షెడ్డు వెనక గొయ్యి దగ్గర షాకిర్ పిడుగురాళ్ల నుంచి వచ్చిన సున్నం బస్తాలు విప్పుతున్నాడు. దయామణి తట్టతో అందిస్తోంది. అప్పుడే కంచె కింద నుంచి ఒక కుక్క దూరి గోతి అంచున వాసన చూడసాగింది.

"షాకిర్, దాన్ని కొట్టు. రాయి తీసుకో, రానియ్యబాక." హిమజ గొంతు అంత పైకి లేవడం దయామణి ఎన్నడూ వినలేదు. చెప్పడమే కాదు, తనే పారతో కుక్క వెంట కంచె దాకా పరుగెత్తి, రొప్పుతూ వెనక్కి వచ్చింది.

దయామణికి నవ్వొచ్చింది. "మూగజీవి మేడం, పోనిద్దురూ. ఒక్క ముక్క తింటే ఏమైద్ది?"

"చచ్చిపోద్ది. వీటిని చంపింది నిద్రమందుతో. మామూలు డోసు కాదు. ఆ మందు కండలో, నెత్తురులో అట్టాగే ఉండిపోద్ది. తిన్నది నిద్రపోద్ది, ఆ నిద్రలోనే ఊపిరి ఆగుద్ది. అందుకే గదా ఈ గొయ్యి, ఈ సున్నం."

దయామణి చేతిలో తట్ట వంగి, సున్నం కాలి మీద పడింది. ఆమెకు తెలియలేదు.

"ఉడకబెట్టినా పోదా మేడం?"

"పోదు," అంది హిమజ, గోతిలోకి చూస్తూ.

అప్పుడు టైము పదీ నలభై. హిమజ కారు పది అడుగుల దూరంలో నీడన ఉంది. నోరు విప్పి ఒక్క మాట చెబితే ఇరవై నిమిషాల్లో ఇంటి ముందు దిగేది. చెప్పలేదు. అమ్మ ప్రాణం పోతుందన్న భయం ఒకటి, ఈ పని పోతుందన్న భయం ఒకటి. రెండోదానికి ఆ క్షణాన అక్కడ నిలబడటానికి సిగ్గుండాలి, కానీ అదీ వచ్చి గొంతు మీద కూర్చుంది. "కడుపులో నొప్పిగా ఉంది మేడం, ఇంటికి పోతా," అనేసి, జవాబు కోసం ఆగకుండా గేటు దాటింది.

రోడ్డు మీదికి వస్తూనే హనుమాయమ్మకు ఫోను చేసింది. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేసింది. నాలుగోసారి కూడా మోగి మోగి ఆగింది. హనుమాయమ్మ ఫోను ఎప్పుడూ అటక కింద ఛార్జింగులో ఉంటుందని, మనిషి ఎప్పుడూ వీధి అవతల ఉంటుందని దయామణికి తెలుసు. ఎన్నోసార్లు దాని మీద నవ్వుకున్నారు కూడా.

శావల్యాపురం వైపు పోయే ఆటో దొరికేసరికి పదకొండు. ఆమె ఊరు ఆ దారిలోనే, పదహారు కిలోమీటర్లు. ఆటో నడిపేది రియాజ్ అని తెలిసినవాడే. "పోనీ రియాజూ, అమ్మకు బాగాలేదు," అంటే పోనిచ్చాడు గాని, దారిలో చెయ్యెత్తిన వాళ్లందరి దగ్గరా ఆగాడు, అది అతని బతుకు. మిరపకాయలకు తొడిమలు తీసే పనికి పోయే ఆడవాళ్లు ముగ్గురు ఎక్కారు. ఒకామె నీళ్ల సీసా ఇచ్చి, "ఏందక్కా, ఒళ్లంతా తడిసిపోయింది?" అంది. దయామణి సీసా పట్టుకుంది గాని తాగడం మరిచిపోయింది.

పదకొండుంపావు. హనుమాయమ్మ ఇప్పుడు పొయ్యి దగ్గరికి వస్తుంది. పదకొండున్నర. ఇప్పుడు కలుపుతుంది. ప్రభువా, ఇయ్యాల ఒక్కరోజు పిన్నికి బద్ధకం పుట్టించు. అమ్మకు ఆకలి లేకుండా చెయ్యి. ఆ గిన్నె చెయ్యి జారి నేలపాలు చెయ్యి. ఎనిమిది నెలలుగా అమ్మ నాలుగు ముద్దలు తింటే చాలని మొక్కిన మనిషి ఇప్పుడు ఇలా మొక్కింది. పదకొండూ నలభైకి ఆమె అడగడం మానేసి, ఆటో పక్క ఇనుప కమ్మీని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది.

ఆటో దిగేసరికి పన్నెండు దాటింది. ఇంటి తలుపుకు బయట గొళ్లెం పెట్టి ఉంది. వాకిట్లో కుళాయి దగ్గర గిన్నె బోర్లించి ఉంది, శుభ్రంగా తోమి. హనుమాయమ్మ ఏ పనైనా వంక లేకుండా చేస్తుంది. దయామణి ఆ గిన్నె వైపు చూసి, చూపు తిప్పుకోబోయి, మురుగుకాలవ పక్కన కుక్కను చూసింది. రోజూ ఎంగిలాకులకు వచ్చే గోధుమరంగు కుక్కే. దాని ముందు నమిలి పారేసిన ఎముక ఉంది. లేవబోతోంది, వెనక కాళ్లు వంగిపోయి కూలబడుతోంది. మళ్లీ లేవబోయింది, మళ్లీ కూలబడింది.

లోపల సువార్తమ్మ వెల్లకిలా పడుకుని, నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతోంది. రోజూ మధ్యాహ్నం ఇలాగే పడుకుంటుంది. ఇదే నోరు, ఇదే దుప్పటి. ఇది రోజూ పోయే నిద్రో, ఆ నిద్రో మొహం చూసి చెప్పడం ఎవరి తరం కాదు.

"అమ్మా."

కదల్లేదు. భుజం పట్టి ఊపింది. మొహం మీద నీళ్లు చల్లింది. చివరికి దయామణి చేయకూడని పని చేసింది. మంచం కోడును కాలితో తన్నింది. ఎనిమిది నెలల్లో మొదటిసారి సువార్తమ్మ కెవ్వుమనలేదు. దుప్పటి తీసి, విరిగిన తుంటి మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కింది. మూలుగైనా వస్తుందని. ఒక్క మూలుగు, అంతే. రాలేదు. దయామణి వాకిట్లోకి పరుగెత్తి కేకలు పెట్టింది.

వీధి చివర ఉండే ఆరెంపీ వెంకట్రామయ్య సంచీతో వచ్చాడు. ముప్పై ఏళ్లుగా ఆ వీధికి డాక్టరంటే ఆయనే. వెనకే ఇరుగుపొరుగు, హనుమాయమ్మ కూడా. ఆయన చెయ్యి చూశాడు, రెప్ప ఎత్తి చూశాడు. "వడదెబ్బమ్మా. రేకుల ఇల్లు, ఏప్రిల్ ఎండ, పెద్ద వయసు. సెలైన్ పెడతా. నొప్పికి ఒక ఇంజెక్షను వేస్తా, మత్తుగా ఉంటది, సాయంత్రం దాకా సుఖంగా పడుకోనీ," అని సిరంజీలోకి మందు లాగాడు.

అందరూ అయ్యో అన్నారు. వడదెబ్బ. ఎంత తేలిక మాట. ఇక్కడ నోరు మూసుకుంటే చాలు, తొమ్మిదో నంబరు సంగతి లోకంలో ఎవరికీ తెలియదు. పని ఉంటుంది, పరువు ఉంటుంది. అమ్మ మాత్రం ఉండదు.

దయామణి ఆయన మణికట్టు పట్టుకుంది. "వద్దు బాబాయ్. మత్తుది వద్దు. అమ్మ తిన్న రసంలోనే నిద్రమందు ఉంది. షెడ్డులో చంపిన పొట్టేలు కాలు. నేనే దొంగతనంగా తెచ్చా, నేనే వండా."

హనుమాయమ్మ గోడకు ఆనుకుని మెల్లగా కూర్చుంది. "ఏమే, నా చేత్తో పెట్టించావంటే," అంది. అరచెయ్యి చూసుకుని, "నేనూ ఉప్పు చూశానే," అంది.

దయామణి ఫోను తీసి హిమజకు చేసింది. "మేడం, తొమ్మిదో నంబరు ముందుకాలు నేను తెచ్చుకున్నా. రసం కాచి అమ్మకు పెట్టా. లేవడంలా."

అవతల వినపడిన గొంతు హిమజదిలా లేదు. "పక్కకు తిప్పి పడుకోబెట్టు. గడ్డం పైకెత్తి పట్టుకో. ఊపిరి లెక్కపెడతా ఉండు దయామణీ, ఆపబాక. ఆగితే నోట్లో నోరు పెట్టి ఊదు. ఎవర్నైనా నూటెనిమిదికి చెయ్యమను. నేనూ వస్తున్నా."

దయామణి లెక్కపెట్టింది. ఒకటి. రెండు. ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య ఖాళీలో వెంకట్రామయ్య గడియారం టిక్కుమనడం వినిపిస్తోంది. ఏడు దగ్గర ఖాళీ మరీ పొడుగైంది. వంగి నోట్లో నోరు పెట్టబోయింది, అంతలో తల్లి ఛాతీ చిన్నగా లేచింది. ఎనిమిది. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.

అంబులెన్సు కంటే ముందు హిమజ కారే వచ్చింది. దిగిన మనిషి చేతిలో ఆ నిద్రమందు ఖాళీ సీసా ఉంది. నలుగురూ కలిసి సువార్తమ్మను దుప్పటితో సహా వెనక సీట్లో పడుకోబెట్టారు. పేట దాకా దయామణి ఆ తలను ఒళ్లో పెట్టుకుని లెక్కపెడుతూనే ఉంది.

ఆస్పత్రిలో డాక్టరు సీసా మీద పేరు చదివి, కనుబొమలు ముడిచి, ఆక్సిజన్ పెట్టించాడు. రసంతో లోపలికి పోయిన మందు ప్రాణం తీసేంత ఉండకపోవచ్చని, కానీ ఆమె రోజూ వేసుకునే నొప్పి బిళ్లకూ మత్తు గుణం ఉందని, రెండూ కలిసి బక్క ప్రాణాన్ని పట్టుకున్నాయని చెప్పాడు. "దాని మీద ఇంకో మత్తు ఇంజెక్షను పడుంటే ఇక్కడిదాకా వచ్చేది కాదు. సాయంత్రం దాకా చూద్దాం," అని వెళ్లిపోయాడు.

వరండాలో బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. హనుమాయమ్మకు ఏమీ కాలేదని, వీధిలోనే ఆగిపోయిన ఆటో రియాజ్ ఫోను చేసి చెప్పాడు. కుక్క సంగతి చెప్పలేదు, దయామణి అడగలేదు. హిమజ, "ఎందుకు తీసుకున్నావు?" అంది. తిట్టినట్టు లేదు, నిజంగా తెలియక అడిగినట్టే ఉంది.

"మీరు పదేళ్లన్నారు గదా మేడం."

హిమజ సీసాను బ్యాగులో పెట్టుకోబోయి, మళ్లీ చేతిలోనే ఉంచుకుంది. "రేపు ఇదంతా నేను రాసివ్వాలి. నిన్ను తీసేస్తారు. నన్నూ అడుగుతారు, గోడ మీద తెలుగులో ఎందుకు రాయలేదని. ఎనిమిది నెలలు నీతో పని చేయించుకుని నీకు ఎందుకు చెప్పలేదని. నేనేం చెప్పాలో నాకే తెలవడంలా." ఆమె కళ్లలో భయం చూసి దయామణికి ఆశ్చర్యమేసింది. ఇంత చదివిన వాళ్లు కూడా ఇలాగే భయపడతారని ఆమె అనుకోలేదు.

సాయంత్రం ఐదున్నరకు సువార్తమ్మ కళ్లు తెరిచింది. కూతుర్ని చూసింది, మంచం కాళ్ల దగ్గర నిలబడ్డ హిమజను చూసింది. తర్వాత దుప్పటి కింద విరిగిన కాలిని తనంతట తానే కొంచెం జరిపింది.

"దయా, నొప్పి లేదే," అంది. మాట ముద్దగా వచ్చింది గాని, మొహం పెళ్లికూతురి మొహంలా వెలిగింది. "ఎన్నాళ్లకే. చానా సుఖంగా నిద్ర పట్టింది. ఆ రసమేనే. ఈమేనా మీ మేడం? తల్లీ, నీ చలవ. నాకింకో కాలు ఇప్పించమ్మా."

దయామణి తల్లి చెయ్యి పట్టుకుని, ఆ రసం ఇంక లేదమ్మా అంది.

"ఉండుద్దిలే. అడగందే ఎవరిస్తారు?" అంటూ సువార్తమ్మ నవ్వింది.

ఒక గంట గడిచింది. మత్తు కొద్దికొద్దిగా దిగింది. నర్సు దుప్పటి సర్దుతూ ఉంటే ఆమె చెయ్యి మంచానికి తగిలింది, సువార్తమ్మ కెవ్వుమంది. మధ్యాహ్నం ఆ ఒక్క మూలుగు కోసం తుంటి నొక్కి చూసిన దయామణి, ఇప్పుడది చెవిన పడగానే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"మళ్లీ మొదలైందే దయా," అంది సువార్తమ్మ, పళ్లు లేని నోరు బిగించి. "ఆ రసం తేవే."

దయామణి హిమజ వైపు చూసింది. హిమజ నేల వైపు చూస్తోంది.